సాకినవాళ్లది ఏ గడి? బళ్లారి సరిహద్దు సీమలో పిల్లల సంక్షేమం, చుట్టరికపు మాట

దుర్గాబాయి దేశ్‌ముఖ్ (1909–1981) స్మృతికి అంకితమైన ఈ ఉపన్యాసానికి నిర్ణయించిన అంశం, పిల్లలకూ వారి కుటుంబాలకూ అందే సోషల్ వర్క్ దేనివల్ల ఫలిస్తుందన్నది. సోషల్ వర్క్ అంటే ఇక్కడ శిక్షణ పొందిన కార్యకర్త ఇంటికి వెళ్లి, విని, విచారించి, తగిన తోడ్పాటు సమకూర్చే వృత్తి అని అర్థం. పిలుపు గౌరవప్రదమైనదే గాని, ఈ అంశం మీద వక్తకు చాలాకాలంగా ఒక తగవు ఉంది. వేదిక దొరికినప్పుడు దానిని ప్రశంసల చాటున దాచడం కన్నా ముందే ప్రకటించడం మర్యాద.

ఆంధ్ర మహిళా సభ స్థాపన, రాజ్యాంగ సభ సభ్యత్వం, 1953 ఆగస్టు 12న ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి అధ్యక్షత, ఇవన్నీ సభికులకు తెలిసినవే. దుర్గాబాయి జీవితంలో ఈ ఉపన్యాసానికి పనికివచ్చే ఘట్టం వేరే ఉంది. ఎనిమిదేళ్ల వయసులో తనకు జరిగిన పెళ్లిని పెద్దదయ్యాక ఆమె కాదన్నప్పుడు తండ్రీ సోదరుడూ ఆమె పక్షాన నిలిచారు. అప్పటికి బాలల సంక్షేమ సమితులు లేవు, విచారణ పత్రాలు లేవు. ఆ బాలికకు దక్కిన ఆసరా ఇంటివాళ్ల నుంచే దక్కింది. తరవాతి జీవితమంతా సంస్థలు కట్టిన వ్యక్తికి తొలి అండ ఏ సంస్థా కాకపోవడాన్ని ఆమె మీద వచ్చే ప్రశంసలు సాధారణంగా పట్టించుకోవు.

మండలి ఏర్పడిన యాభై రోజులకు, 1953 అక్టోబరు 1న, ఆంధ్ర రాష్ట్రం అవతరించింది. బళ్లారి జిల్లా నుంచి ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు రాగా, బళ్లారి పట్టణంతో సహా తక్కిన జిల్లా మైసూరులో కలిసింది. గీత నేల మీద పడింది గాని, పెళ్లి సంబంధాలూ కూలి పనులూ చెళ్లగురికి ఎర్రితాత దర్శనానికి వెళ్లే జనమూ దానిని లెక్కచేయలేదు. 2021లో విజయనగర జిల్లా విడిపోయాక బళ్లారి, కురుగోడు, కంప్లి, సిరుగుప్ప, సండూరు తాలూకాలతో మిగిలిన జిల్లాకు సరిహద్దుతనమే ప్రధాన లక్షణంగా నిలిచింది. ఇక్కడ ఒక ఇంటి సగం ఆలూరు వైపునా సగం సిరుగుప్ప వైపునా ఉండడంలో వింత ఏమీ లేదు.

అంశంలో వివాదం లేని భాగాన్ని త్వరగా దాటవచ్చు. సాయానికి ముందు వివరాలు శాస్త్రీయంగా సేకరించాలని మేరీ రిచ్‌మండ్ 1917లోనే గ్రంథం రాసింది. 1936లో బొంబాయిలో టాటా సంస్థ ఈ వృత్తికి మన దేశంలో బడి తెరిచింది. 1973లో జోయెల్ ఫిషర్ పదకొండు నియంత్రిత అధ్యయనాలను పరిశీలించి ఈ కృషి వల్ల మేలు జరిగినట్టు రుజువు కనబడలేదని తేల్చినప్పుడు వృత్తి యావత్తూ ఉలిక్కిపడింది. 1982లో రీడ్, హాన్రహాన్ కొత్త అధ్యయనాలను చూసి కొంత ఊరట పలికారు. 2011లో ఇంగ్లండులో ఐలీన్ మన్రో నివేదిక, పత్రాలూ గడువులూ కలిసి పిల్లలతో గడపవలసిన సమయాన్ని మింగుతున్నాయని చెప్పింది. వచ్చిన కార్యకర్తే మళ్లీ మళ్లీ రావాలి, ఒక్కొక్కరి మీద మోయలేనన్ని ఇళ్లు ఉండకూడదు, మాటతో పాటు బియ్యమో బడి ఖర్చో అందాలి అన్న మూడింటినీ ఈనాడు కాదనేవారు లేరు.

తగవు ‘కుటుంబం’ అన్న మాట దగ్గర మొదలవుతుంది. 2015 బాలల న్యాయ చట్టం 36వ సెక్షన్ ప్రకారం, సంరక్షణ అవసరమైన బిడ్డను బాలల సంక్షేమ సమితి ఎదుట హాజరుపరిచాక, సామాజిక విచారణ పదిహేను రోజుల్లో పూర్తికావాలి. సమితి అంటే జిల్లాలో ఇటువంటి పిల్లల విషయంలో ఉత్తర్వులిచ్చే ఐదుగురి మండలి. విచారణకు 2016 నియమావళి ఒక నమూనా పత్రం ఇచ్చింది. అందులో తండ్రికీ తల్లికీ, తండ్రికీ బిడ్డకూ, తల్లికీ బిడ్డకూ, బిడ్డకూ తోబుట్టువులకూ మధ్య సఖ్యత ఉందా, లేదా, తెలియదా అని విడివిడిగా గుర్తుపెట్టే వరసలు ఉన్నాయి. అవ్వ, తాత, మేనమామ, పెద్దమ్మ, చిన్నాయన అందరికీ కలిపి ‘బంధువులు’ అని ఒక్క వరస ఉంది. పదేళ్లు సాకిన అవ్వా, పండక్కి వచ్చిపోయే దూరపు చుట్టమూ ఆ వరసలో సమానమే.

‘సాకడం’ అన్న మాటను ఇక్కడ కొంచెం వివరించాలి. కన్నబిడ్డనైనా కాకపోయినా తిండి పెట్టి, బాగోగులు చూసి పెద్దచేయడం దాని అర్థం. బ్రౌన్ 1852 నిఘంటువు ఈ అర్థాన్ని నమోదు చేసింది, కన్నడంలో కిట్టెల్ 1894 నిఘంటువులోనూ ఇదే మాట ఉంది, ‘సాకు మగళు’ అంటే పెంచుకున్న కూతురు. సరిహద్దుకు ఇరువైపులా ఒకే అర్థంతో బతికివున్న ఈ మాటకు సరితూగే మాట చట్టంలో లేదు. దత్తత కాదు, ఎందుకంటే కన్నవాళ్ల హక్కు తెగలేదు. ఫోస్టర్ కేర్ కూడా కాదు, ఎందుకంటే సమితి ఎంపిక చేసి, ఆమోదించి, పర్యవేక్షించే, బిడ్డ సొంత కుటుంబం కాని మరొక ఇంట్లో ఉంచడాన్నే చట్టం ఆ పేరుతో పిలుస్తుంది; అవ్వను ఎవరూ ఎంపిక చేయలేదు. ఆదోని, ఆలూరు ప్రాంతాల నుంచి ‘సుగ్గి’కి, అంటే పంటకాలపు కూలికి, గుంటూరు మిరప చేలకు వెళ్లే తల్లిదండ్రులు బిడ్డను అవ్వ దగ్గరో మేనమామ దగ్గరో వదిలిపెట్టడం ఈ సాకుడులో అన్నిటికన్నా మామూలు రూపం.

ఈ వాదం వినగానే వచ్చే ఆక్షేపణ, మాట ఏదైతేనేం, కార్యకర్త సంగతి గ్రహించి తన భాషలో రాసుకుంటే సరిపోదా అన్నది. సరిపోదనడానికి ఒక్క మాట చాలు. రాయలసీమ తెలుగులో అవ్వ అంటే తల్లికో తండ్రికో తల్లి. ఉత్తర కర్ణాటక కన్నడంలో అవ్వ అంటే కన్నతల్లి. “మా అవ్వ సాకుతాంది” అని తెలుగు బిడ్డ చెప్పిన మాటను ధార్వాడ వైపు నుంచి వచ్చిన కార్యకర్త తన చెవితో వింటే, తల్లి ఉంది, బిడ్డ తల్లి దగ్గరే పెరుగుతోంది అని రాసుకోవడంలో ఆశ్చర్యం లేదు; ఆ ఒక్క గడి అలా నిండితే మిగతా పత్రమంతా నిర్దోషంగా తప్పవుతుంది. అర్థంకాని మాట ఎదురైతే కార్యకర్త ఆగి అడుగుతాడు గాని, అర్థమైనట్టు అనిపించే మాట దగ్గర ఆగడు. సోదరభాషల మధ్య అనువాదంలో ప్రమాదం ఇదే.

రెండో మాట మామ. పత్రం ఇంగ్లీషులో నిండితే మేనమామా చిన్నాయనా ఇద్దరూ ‘అంకుల్’ అవుతారు. ఇరావతీ కర్వే 1953లోనూ, థామస్ ట్రాట్‌మన్ 1981లోనూ దక్షిణాది బంధుత్వంపై ప్రకటించిన గ్రంథాలు చదివినవారికి ఈ రెండు ఇళ్ల తేడా చెప్పనక్కరలేదు: చిన్నాయన పిల్లలు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, మేనమామ కొడుకు బావ వరస. కనుక పన్నెండేళ్ల పిల్ల మేనమామ ఇంట్లో పెరుగుతోందంటే, ఆ ఇల్లు ఆమెకు అందరికన్నా ప్రేమగల ఆశ్రయమూ కావచ్చు, తొందరపాటు మేనరికానికి దారీ కావచ్చు. పైగా కర్ణాటక 2016 సవరణ చట్టం తరవాత ఆ రాష్ట్రంలో బాల్యవివాహం మొదటినుంచీ చెల్లదు; ఆంధ్రప్రదేశ్‌లో 2006 కేంద్ర చట్టం కింద, పెళ్లినాటికి మైనరుగా ఉన్నవారు కోరితేనే రద్దవుతుంది. అంకుల్ అన్న మాట ఆశ్రయాన్నీ ప్రమాదాన్నీ రెంటినీ కప్పేస్తుంది.

ఇక ఉపన్యాసానికి మూలమైన వివాదం స్పాన్సర్‌షిప్ గురించి. బిడ్డను వసతిగృహానికి పంపకుండా ఇంట్లోనే ఉంచడానికి కుటుంబానికి ఇచ్చే అదనపు తోడ్పాటుకు అది చట్టం పెట్టిన పేరు. మిషన్ వాత్సల్య పథకం 2022 మార్గదర్శకాల ప్రకారం నెలకు రూ. 4,000, కుటుంబ వార్షికాదాయ పరిమితి గ్రామాల్లో రూ. 72,000, ఇతర చోట్ల రూ. 96,000. బాలల న్యాయ చట్టం 45వ సెక్షన్ రెండో ఉపవిభాగం నాలుగు సందర్భాలను పేర్కొంటుంది: తల్లి వితంతువో, విడాకులు పొందినదో, కుటుంబం వదిలేసినదో కావడం, అనాథ బిడ్డ విస్తృత కుటుంబంతో ఉండడం, తల్లిదండ్రులకు ప్రాణాంతక వ్యాధి, ప్రమాదంలో వారు అశక్తులు కావడం. సుగ్గికి పోయిన తల్లిదండ్రులు చావలేదు, విడిపోలేదు, అశక్తులు కాలేదు. కనుక అవ్వకు ఈ సాయం వర్తించదని ఒక పక్షం వాదిస్తుంది.

ఈ వాదం సెక్షన్‌లోని క్రియాపదాన్ని చదవకుండా జాబితాను మాత్రమే చదివిన వాదం. సందర్భాలు ఇవి మాత్రమే అని ఆ ఉపవిభాగం అనలేదు. అర్హతల్లో ఇవి చేరివుంటాయని అంది. చేరివుండే జాబితా తలుపు తెరిచే జాబితాయే గాని మూసేది కాదన్నది చట్టాలు చదివినవారు సాధారణంగా ఒప్పుకునే మాట. నిర్వచన భాగంలో స్పాన్సర్‌షిప్ అంటే బిడ్డ వైద్య, విద్య, వికాస అవసరాల కోసం కుటుంబాలకు ఇచ్చే తోడ్పాటు అని ఉందే గాని, కన్నవాళ్లకు మాత్రమే ఇచ్చేదని లేదు. అవ్వ కుటుంబం కాదా అన్నదే మిగిలిన ప్రశ్న. చట్టాల తీరు విడ్డూరంగా కనిపించేది ఇక్కడే. బాలల న్యాయ చట్టం పినతండ్రులనూ మేనత్తలనూ మేనమామలనూ పినతల్లులనూ అవ్వాతాతలనూ ‘బంధువు’ నిర్వచనంలో చేర్చింది గాని, అది దత్తత కోసం మాత్రమే. 2016లో సవరించిన బాలకార్మిక చట్టం, బడివేళల తరవాత బిడ్డ కుటుంబానికి పనిలో సాయపడవచ్చంటూ, ఆ కుటుంబంలో తల్లిదండ్రులతో పాటు వారి తోబుట్టువులనూ చేర్చింది. అంటే పని చేయించుకునేటప్పుడు మేనమామ కుటుంబమే, సాయం పొందేటప్పుడు మాత్రం సందేహం; అవ్వ ఆ పని నిర్వచనంలోనూ లేదు. శ్రమకు విస్తరించి ఆదరణకు కుంచించుకుపోయే కుటుంబాన్ని ఏ సామాజిక శాస్త్రమూ ఎరగదు.

బయటి ప్రపంచంలో ఈ ప్రశ్న కొత్తదేమీ కాదు. బంధువుల ఇంట పెరిగే పిల్లలకు ఫోస్టర్ ఇళ్లతో సమానంగా చెల్లించని ఇల్లినాయ్ రాష్ట్రపు విధానాన్ని అమెరికా సుప్రీంకోర్టు 1979లో మిల్లర్–యూకిమ్ వ్యాజ్యంలో కొట్టివేసింది. 2009లో ఐక్యరాజ్యసమితి సాధారణ సభ ఆమోదించిన ప్రత్యామ్నాయ సంరక్షణ మార్గదర్శకాలు, ఏ అధికారి ఉత్తర్వూ లేకుండా బంధువులు సాకడాన్ని ప్రత్యేక విభాగంగా గుర్తించాయి. వినోకూర్, హోల్టన్, బాచెల్డర్ 102 అధ్యయనాలను సమీక్షించి 2014లో ప్రకటించిన ఫలితాల్లో, బంధువుల ఇంట ఉంచిన పిల్లల ప్రవర్తన, మానసిక ఆరోగ్యం, ఒకేచోట స్థిరంగా ఉండడం మెరుగ్గా కనిపించాయి. దత్తతకు వెళ్లడంలోనూ సేవలు అందుకోవడంలోనూ ఇతర ఫోస్టర్ ఇళ్లదే పైచేయి. ఈ చివరి ముక్కను ప్రతిపక్షం ఉదాహరిస్తుంది. సేవలు తక్కువ అందడం బంధువుల లోపమా, వారి గుమ్మం తొక్కని శాఖల లోపమా అన్నది మాత్రం అడగదు.

అన్నిటికన్నా బలమైన ఆక్షేపణ వేరే ఉంది, దానిని తేలిగ్గా తీసుకోకూడదు. ‘సాకుతున్నాం’ అన్న పేరుతో ఆడపిల్లను అంట్లు తోమించడానికో, జీన్స్ కుట్టే ఇళ్లలో దారాలు కత్తిరించడానికో పెట్టుకుంటే, ఆ పేరును గుర్తించడం దోపిడీకి ముద్ర వేయడం కాదా? తెలుగులో ‘సాకు’ అంటే నెపం అన్న అర్థమూ ఉందని ఆక్షేపకులు చమత్కరిస్తే కాదనలేం. అయితే నెపం బయటపడేది ఎవరైనా ఆ ఇంటికి వెళ్లి చూసినప్పుడే. పేరు లేని సాకుడు ఏ జాబితాలోనూ ఉండదు, జాబితాలో లేని ఇంటికి కార్యకర్త వెళ్లడు. సాయం వెంట తనిఖీ వస్తుంది. బిడ్డ బడికి పోతోందా, ఎవరి పక్కన పడుకుంటోంది, జబ్బు చేస్తే ఎవరు మోసుకుపోతారు అని ఎప్పటికప్పుడు అడిగే హక్కు ప్రభుత్వానికి దక్కేది ఆ నాలుగు వేల రూపాయల వల్లనే.

సరిహద్దు చిక్కు దీనికి తోడవుతుంది. బిడ్డది వేరే ప్రాంతమని తేలితే, ఆ జిల్లా సమితిని సంప్రదించి, బిడ్డ మేలు చూసి అక్కడికి బదిలీ చేయమంటుంది బాలల న్యాయ చట్టం 95వ సెక్షన్. తల్లిదండ్రుల రేషన్ కార్డు ఆలూరులో, బిడ్డ బడి సిరుగుప్పలో ఉంటే సొంత ప్రాంతం ఏది? సాకినచోటే సొంతమని వక్త అభిప్రాయం. కార్డును బట్టి ఊరు నిర్ణయిస్తే, బదిలీ అయిన బిడ్డ చేరేది తాళం వేసిన ఇంటికి.

ఈ కారణాల వల్లనే వక్త ప్రస్తుత కృషి విధానాల వైపు కాక మాటల వైపు మళ్లింది. బళ్లారి, సిరుగుప్ప, ఆలూరు, రాయదుర్గం ప్రాంతాల్లో బిడ్డల పెంపకానికీ చుట్టరికానికీ వాడే మాటలను తెలుగులోనూ కన్నడంలోనూ పక్కపక్కన పెట్టి, ఒక్కొక్క మాట ఎదుట ఆ మనిషి బిడ్డకు ఏమవుతారు, బిడ్డ ఆ ఇంట్లో ఉంటే కార్యకర్త ఏమి అడగాలి అని రాసే పదపట్టిక తయారవుతోంది. లంబాడీ, ఉర్దూ మాటలు ఇంకా చేరవలసి ఉంది. అవి లేని పట్టిక ఈ జిల్లాకు సగమే. సండూరు గనుల ఊళ్లకు వలస వచ్చినవారి మాటలు ఎక్కడివో తేల్చడం మరో పని.

పట్టిక ముసాయిదాలో మొదటి పదం అవ్వ; దాని ఎదుట రెండు అర్థాలూ, “నిన్ను కన్నామెనా, కన్నామె తల్లా?” అని బిడ్డను అడగవలసిన ప్రశ్నా ఉన్నాయి. సభికుల్లో బడిపంతుళ్లు, అంగన్‌వాడీ కార్యకర్తలు, సుగ్గి ఊళ్లవారు ఉన్నారు. తమ ఇంట బిడ్డను సాకినవాళ్లను బిడ్డ ఏమని పిలుస్తుందో, ఆ మాటనూ ఊరి పేరునూ మనుషుల పేర్లు లేకుండా ఒక కాగితం మీద రాసి, ఈ సాయంత్రం వెళ్లేముందు నిర్వాహకులకు ఇవ్వవలసిందిగా ప్రార్థన.