సోడియము రాకపోకలు



ప్రతి వంటయింట నుండు ఉప్పునందు రెండు మూలపదార్థములు గలవు. ఒకటి సోడియము, రెండవది క్లోరిను. మంటపై చిటికెడుప్పు చల్లినచో మంట పసుపువన్నె దాల్చును. అది సోడియము గురుతు. ఆ కాంతిని విడదీసి చూచినచో 589 నానోమీటర్ల చెంత రెండు సన్నని గీతలు కనబడును. ఈ గీతల యాధారముననే పాటరు, మోర్గను అను అమెరికా శాస్త్రజ్ఞులు 1985లో బుధగ్రహము చుట్టును, 1988లో చంద్రుని చుట్టును సోడియము గలదని భూమిపై నుండియే తెలిసికొనిరి.

అది మిక్కిలి పలుచని యావిరి. దానిని చిల్లికుండలోని నీటితో పోల్చవచ్చును. ముందు ఖర్చు చూతము. సూర్యకాంతి యొత్తిడి పరమాణువులను వెనుకకు నెట్టును. అందుచే బుధునకు లక్షల కిలోమీటర్ల పొడవు గల సోడియపు తోక యేర్పడినది. అతినీలలోహిత కిరణములు మరికొన్ని పరమాణువులనుండి ఎలక్ట్రానులను ఊడబెరుకును. అట్టివానిని సౌరపవనము కొట్టుకొనిపోవును. కొన్ని మరల నేలబడి రాళ్లకంటుకొనును.

చిల్లికుండ యెండకున్నదనిన, ఎవరో నీరు పోయుచుండవలెను గదా! సూర్యకాంతియు, ఎండవేడిమియు రాళ్లనంటిన సోడియమును విడిపించును. సౌరపవనపు కణములు తాకి దానిని వెడలగొట్టును. ఉల్కాకణములు పడినచోట రాయియే యావిరియగును. 1998 నవంబరున సింహరాశి ఉల్కల రాత్రుల వెంటనే, చంద్రుని సోడియపు తోక భూమిని దాటి సాగుట టెక్సాసునందలి కెమెరాకు చిక్కినది. గురుగ్రహపు ఉపగ్రహమైన అయోయందు మాత్రము జమ వేరు: అచట అగ్నిపర్వతములే ఉప్పునావిరిగా వెడలగ్రక్కును.

ఈ లెక్క యెందులకని యడుగవచ్చును. చంద్రశిలలలో సోడియము భూమికంటె తక్కువ. అది యెట్లు తరిగినదో తెలిసినగాని చంద్రుని పుట్టుక పూర్తిగ తెలియదు. 2019 జూలై 22న మన శ్రీహరికోటనుండి వెడలిన చంద్రయాన్-2 నందలి ‘క్లాస్’ అను ఎక్స్-కిరణ యంత్రము చంద్రునిపై సోడియమును విరివిగా గుర్తించినది. 2022లో ఈ ఫలితము వెల్లడియైనది. అందు కొంత శిలలలోనిది; కొంత రేణువులపై పలుచగా నంటిన పొర కావచ్చునని శాస్త్రజ్ఞుల తలంపు. ఆ పొరయే చుట్టునున్న యావిరికి చేతిక్రింది నిలువ. పైపొరను లోని సొత్తుగా లెక్కించినచో, చంద్రుని జన్మవృత్తాంతమే తప్పును. కనుక జమను, ఖర్చును, నిలువను వేరువేరుగా తూచుటయే ఇప్పటి పని.