మందుల చీటీలో దాగిన రాయితీ
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

పాత జ్ఞాపకాలు చెప్పి నవ్వించడానికి నాకంటే మంచి వక్తలు ఈ సభలో చాలామంది ఉన్నారు. నాకిచ్చిన కాసేపూ మన పెద్దవాళ్ల మందుల ఖర్చు గురించి మాట్లాడతాను.

ఈ ఏడాది సంఘం తరఫున రిటైరైన గురువుల ఇళ్లకు వెళ్లాం. ఒక మాస్టారు బీపీ మాత్ర రోజు విడిచి రోజు వేసుకుంటున్నారు. అడిగితే, "నెలాఖరుదాకా సరిపెట్టుకోవాలి కదరా" అన్నారు. మనకు లెక్కలు చెప్పిన మనిషి ఆయన. ఆ ఒక్క లెక్క మాత్రం నాకు మింగుడుపడలేదు.

ఆరోగ్య బీమా ఉంది కదా అంటారు. 2024 నుంచి 70 ఏళ్లు నిండిన వారందరికీ ఆయుష్మాన్ భారత్‌లో ఏటా 5 లక్షల రూపాయల దాకా వైద్యం ఉంది. మంచిదే. కానీ అది ఆసుపత్రిలో చేరినవారికి. ఇంట్లో నెలనెలా వేసుకునే షుగరు, బీపీ మాత్రలు సొంత జేబులోంచే కొనుక్కోవాలి. ఆంధ్రప్రదేశ్‌లో వృద్ధాప్య పింఛను 4,000, దివ్యాంగుల పింఛను 6,000 రూపాయలు. బియ్యం, కరెంటు, మందులు అన్నీ అందులోంచే.

బస్సు టికెట్టుకు వయసు చూసి రాయితీ ఇస్తారు. మందుల షాపులో అలాంటి నియమం లేదు. అక్కడ రాయితీ ఉన్నది మందు పేరులో. అదెలాగో మా వృత్తి భాషలో చెబుతాను. టెండరు రాసేటప్పుడు మేం సిమెంటు కంపెనీ పేరు రాయం, 43 గ్రేడా, 53 గ్రేడా అన్నది రాస్తాం. మందుల చీటీలో మాత్రం తరచూ కంపెనీ పెట్టిన బ్రాండు పేరే ఉంటుంది. లోపలున్నది టెల్మిసార్టానా, మెట్‌ఫార్మినా అన్నది అట్ట మీద ఉంటుంది. ఆ అసలు పేరుతో అమ్మేదే జెనరిక్ మందు.

ఈ మందుల కోసమే ప్రభుత్వం జన ఔషధి దుకాణాలు పెట్టింది. మొదటిది 2008లో అమృత్‌సర్‌లో తెరిచారు, 2025 నాటికి దేశంలో 15,000 అయ్యాయి. పేరున్న బ్రాండ్లతో పోలిస్తే అక్కడ ధర సగం, కొన్నిటికి ఇంకా తక్కువ. నెలకు 2,000 అయ్యే బిల్లు సగానికి తగ్గిందనుకోండి, ఏడాదికి 12,000 మిగులుతాయి. వయసుతో, ఆదాయంతో పని లేదు, ఎవరైనా కొనుక్కోవచ్చు.

చవక కదా, పనిచేస్తుందా అని అనుమానం. ప్రతి బ్యాచ్‌నీ గుర్తింపు పొందిన ప్రయోగశాలలో పరీక్షించాకే దుకాణాలకు పంపాలన్నది ఆ పథకం నియమం. మన హైదరాబాదు కంపెనీలు అమెరికాకు పంపుతున్నవాటిలో ఎక్కువ జెనరిక్ మందులే.

మరి మాస్టారికి ఎందుకు అందలేదు? డాక్టరు బ్రాండు పేరు రాస్తే, దానికి బదులు వేరేది ఇవ్వడానికి ఔషధ నిబంధనలు షాపువాళ్లను ఒప్పుకోవు. కాబట్టి తాళంచెవి చీటీలోనే ఉంది. జెనరిక్ పేరును, వీలైతే పెద్ద అక్షరాల్లో, అర్థమయ్యేలా రాయాలని భారత వైద్య మండలి 2016లోనే తన నియమావళిని సవరించింది. మనం అడగాలి. "డాక్టరుగారూ, జెనరిక్ పేరు రాయండి" అనడం వాళ్లను తప్పుపట్టడం కాదు.

రెండు జాగ్రత్తలు. డాక్టరుకు చెప్పకుండా మందు మార్చకండి. మూర్ఛ, థైరాయిడ్, రక్తం పలుచబడే మందుల విషయంలో ఇది మరీ ముఖ్యం. ఇంకొకటి, అన్ని మందులూ ఎప్పుడూ దొరకవు. వెళ్లేముందు ఫోన్ చేసి కనుక్కోవాలి. బీపీ, షుగరు మాత్రలు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా ఇస్తారు, అదీ మరిచిపోవద్దు.

ఇక అసలు చిక్కు దూరం. మోకాళ్ల నొప్పులున్న టీచరమ్మ, చక్రాల కుర్చీలో ఉన్న మన బ్యాచ్ మిత్రుడు రెండు బస్సులు మారి వెళ్లలేరు. ఆటో ఖర్చుకే రాయితీ కరిగిపోతుంది. అక్కడ కావాల్సింది మనిషి.

అందుకే ఈ స్వర్ణోత్సవానికి నా ప్రతిపాదన. ప్రతి బ్యాచ్ నుంచి ఇద్దరు ముందుకు రావాలి. ఈ ఊళ్లో, చుట్టుపక్కల ఉన్న మన గురువుల, దివ్యాంగులైన పూర్వ విద్యార్థుల మందుల చీటీలు, వాళ్లు ఒప్పుకుంటేనే, తీసుకోవాలి. మన బడిలో చదివి డాక్టర్లయినవాళ్లు ఈ సభలోనే ఉన్నారు. వాళ్లు చీటీ చూసి, వైద్యం చేస్తున్న డాక్టరుతో మాట్లాడి జెనరిక్ పేరు రాయించాలి. నెలకోసారి మందులు కొని ఇంటికి చేర్చే పని మనది. డబ్బు ఇవ్వగలిగినవాళ్లు వాళ్లే ఇస్తారు, ఇవ్వలేనివాళ్ల సంగతి సంఘం చూసుకోవాలి, ఎవరికి ఇచ్చిందీ బయటికి చెప్పకూడదు.

పేర్లు రాయడానికి పుస్తకం బయట బల్ల మీద పెట్టాను. మా బ్యాచ్ పేర్లు రెండూ రాసేశాం. భోజనానికి వెళ్లేలోపు మీ బ్యాచ్ పేర్లు కూడా రాయండి. సెలవు.