ఎల్ పాసో విడిచి వెళ్ళిన కోచ్



పుట్టిన ఊరిలో పదిమందికి ఉపయోగపడే మనిషి కొత్త ఉద్యోగం కోసం ఊరు విడిచి వెళుతున్నప్పుడు రెండు రకాల మాటలు వింటాము. మనవాడు పైకి వచ్చాడని సంతోషించేవారు కొందరు, మనల్ని వదిలి పోయాడని నొచ్చుకునేవారు కొందరు. వెళ్ళిన చోట అతనికి దక్కేది ఉద్యోగమా, ఉపకారమా అని మాత్రం ఎవరూ అడగరు. ఈ ప్రశ్న అడగడానికే అమెరికాకు చెందిన ఒక బాస్కెట్‌బాల్ కోచ్ కథను మీ ముందుకు తెచ్చాము.

ఆయన పేరు నోలన్ రిచర్డ్‌సన్. 1941లో టెక్సాస్ రాష్ట్రంలోని ఎల్ పాసోలో జన్మించారు. రియో గ్రాండే నదికి ఇవతలి ఒడ్డున ఎల్ పాసో, అవతలి ఒడ్డున మెక్సికో దేశపు హువారెజ్ నగరం. మెక్సికన్ కుటుంబాలు నివసించే సెగుందో బారియో అనే పేటలో ఈ నల్లజాతి బాలుడు పెరిగాడు. తల్లి చిన్ననాడే మరణించగా బామ్మ పెంచింది. ఇరుగుపొరుగు పిల్లలతో స్పానిష్ మాట్లాడేవాడు. దేశంలో నల్లవారు అల్పసంఖ్యాకులు. ఆ పేటలోనూ అతనిది అల్పసంఖ్యే. ఊరి కళాశాల టెక్సాస్ వెస్టర్న్‌లో చదువుకుంటూ, 1961లో అక్కడికి వచ్చిన డాన్ హాస్కిన్స్ వద్ద ఆడాడు. ఆ కళాశాలే 1966లో ఐదుగురు నల్లజాతి ఆటగాళ్ళతో ఆట మొదలుపెట్టి, అందరూ తెల్లవారే ఉన్న కెంటకీ జట్టును ఓడించి జాతీయ విజేతగా నిలిచింది. అప్పటికే మన రిచర్డ్‌సన్ చదువు ముగిసింది.

తాను చదివిన బోవీ ఉన్నత పాఠశాలకే ఆయన కోచ్‌గా తిరిగి వచ్చి దాదాపు పదేళ్ళు పనిచేశారు. అక్కడి విద్యార్థులు ఎక్కువగా మెక్సికన్ మూలాల పిల్లలు, ఎత్తు తక్కువ. బాస్కెట్‌బాల్‌లో ఎత్తు లేనివాడు బంతి తన దగ్గరికి వచ్చేదాకా వేచి ఉంటే ఓడిపోతాడు. అందుకని మైదానం ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ప్రత్యర్థిని వెంటాడడం, ఊపిరి తీసుకోనివ్వకపోవడం నేర్పారు. కాలేజీ ఆట నలభై నిమిషాలు. తర్వాతి కాలంలో దేశమంతా ‘నలభై నిమిషాల నరకం’ అని పిలిచిన ఆటతీరుకు వేళ్ళు ఆ పొట్టి పిల్లల పాదాల్లో ఉన్నాయి. ఆయన జీవితంలో మాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం ఇదే.

ఊరిలో అంతకు పై మెట్టు ఖాళీ లేదు. ఉన్న ఒక్క విశ్వవిద్యాలయ జట్టుకు 1999 దాకా హాస్కిన్సే కోచ్. 1970ల చివర రిచర్డ్‌సన్ ఎల్ పాసో విడిచారు. వెళ్ళింది మహానగరానికి కాదు, పశ్చిమ టెక్సాస్‌లోని స్నైడర్ అనే చిన్న పట్టణంలో రెండేళ్ళ కళాశాలకు. 1980లో ఆ జట్టు ఆడిన 37 ఆటలూ గెలిచి జూనియర్ కళాశాలల జాతీయ విజేత అయింది. వెంటనే టల్సా విశ్వవిద్యాలయం పిలిచింది. తొలి ఏడాదే, 1981లో, ఎన్.ఐ.టి. టోర్నమెంటు గెలిచారు. 1985లో ఆర్కన్సాకు వెళ్ళి, నైరుతి కాన్ఫరెన్స్‌లో తొలి నల్లజాతి ప్రధాన బాస్కెట్‌బాల్ కోచ్ అయ్యారు.

ఆ కొత్త ఉద్యోగం తొలిరోజులు ఎలా గడిచాయో వినండి. టీనేజీ కుమార్తెకు రక్త క్యాన్సర్. ఆసుపత్రికీ మైదానానికీ మధ్య తిరుగుతూ ఆ తండ్రి తొలి సీజన్‌లో 12 ఆటలు గెలిచి 16 ఓడారు. అభిమానులకు ఓటములే కనిపించాయి. 1987 జనవరిలో ఆ బిడ్డ కన్నుమూసింది. ఆయన పని మానలేదు. 1994లో డ్యూక్ జట్టును 76-72 తేడాతో ఓడించి ఆర్కన్సాకు జాతీయ కిరీటం తెచ్చారు.

2002 ఫిబ్రవరిలో, ఓటముల నడుమ, ఒప్పందపు సొమ్ము చెల్లిస్తే రేపే వెళ్ళిపోతానన్నారు. రెండు రోజులకు విలేకరుల సమావేశంలో, నల్లవాడిని కనుక తనను వేరే కొలతతో కొలుస్తున్నారని నిలదీశారు. ఆ గదిలోని విలేకరుల్లో తనలాంటివాడు ఒక్కడూ లేడని గుర్తుచేశారు. మార్చి మొదట ఉద్యోగం పోయింది. జాతి వివక్ష అంటూ వేసిన దావాను న్యాయస్థానం కొట్టివేసింది. కోపంలో మాట తూలారని అనేవారు ఉన్నారు, కొంత నిజమే కావచ్చు. అయినా పదిహేడేళ్ళు పనిచేసి, అత్యున్నత కిరీటం తెచ్చిన మనిషి ఒక ఫిర్యాదు చేస్తే, ‘ఇంత ఇచ్చాము కదా’ అనే ధోరణి ఎక్కడి నుంచి వస్తుంది? ఆయన తీసుకున్నది జీతం, దానం కాదు. ఈ తేడా మన పిల్లలకు ఉద్యోగంలో చేరే రోజునే తెలియాలని మా కోరిక.

2014లో ఆయన నైస్మిత్ బాస్కెట్‌బాల్ కీర్తి మందిరంలో స్థానం పొందారు. 2019లో ఆర్కన్సా విశ్వవిద్యాలయం తన క్రీడామందిరంలోని ఆటస్థలానికి ఆయన పేరే పెట్టింది. ఈ రెంటికీ ముందు, పదవి పోయిన తర్వాతి ఏళ్ళలో, పనామా, మెక్సికో దేశాల జాతీయ జట్లకు శిక్షణ ఇచ్చారు. ఆ ఆటగాళ్ళతో మాట్లాడడానికి ఆయనకు దుబాసీ అవసరం లేకపోయింది. సెగుందో బారియో వీధుల్లో నేర్చిన స్పానిష్ ఆయన వెంటే ఉంది.