చిన్న గాయము, పెద్ద పరిచర్య
(ప్రసంగ పాఠము)



నడుము ఆపరేషన్ అనగానే మన పెద్దలకు వారాల తరబడి మంచము పట్టుట గుర్తుకు వచ్చును. ఆ స్థితి మారినది. జారిన డిస్కు నరమును నొక్కుట వలన కాలిలోనికి నొప్పి పాకునని 1934లో మిక్స్‌టర్, బార్ అను అమెరికా వైద్యులు చూపిరి. 1977లో మైక్రోస్కోపు సాయముతోను, 1997లో సన్నని గొట్టము, ఎండోస్కోపుల ద్వారాను చేయు పద్ధతులు వెలువడినవి. నేడు సుమారు రెండు సెంటీమీటర్ల కోతతో, కండరములను పెద్దగా కోయక పక్కకు తొలగించి, జారిన ముక్కను తీయుచున్నారు. అనేకులు ఆ రోజే, లేక మరునాడే ఇల్లు చేరుచున్నారు.

అయితే గాయము చిన్నది గనుక జాగ్రత్తయు చిన్నదే యని రోగి, బంధువులు తలంచుట కద్దు. లోపలి నరములు మాత్రము అవే నరములు.

అందుచేత నర్సులమైన మేము కట్టుతో పాటు పాదములను చూతుము. బొటనవ్రేలు పైకెత్తమందుము; పాదముతో మా చేతిని నొక్కమందుము; స్పర్శ రెండు కాళ్లలో సమముగా ఉన్నదా యని అడిగి, ఆపరేషన్‌కు ముందు వ్రాసిన దానితో పోల్చుదుము. పిదప మూత్రమును గూర్చి అడుగుదుము. ఆరేడు గంటలైనను మూత్రము రాకున్నను, తొడల నడుమ తిమ్మిరి యున్నను, కాలి బలము తగ్గినను వెంటనే సర్జన్‌కు తెలుపవలెను. లోపల రక్తము గడ్డకట్టి వెన్ను చివరి నరముల గుత్తిని నొక్కుచుండవచ్చును. ఆలస్యమైనచో మూత్రముపై అదుపు శాశ్వతముగా పోవచ్చును. మన స్త్రీలు ఈ మాట చెప్పుటకు సిగ్గుపడుదురు. మత్తు మందు ప్రభావమని ఇంటివారు సరిపెట్టుకొందురు. కాబట్టి మేమే అడుగవలెను.

రోగిని ప్రక్కకు త్రిప్పునపుడు భుజములు, నడుము, తుంటి దుంగవలె ఒక్కసారే తిరుగవలెను. లేచునపుడు ప్రక్కకు ఒత్తిగిలి, కాళ్లు దించి, చేతులతో నెట్టుకొని లేవవలెను. డాక్టరు అనుమతితో ఆ రోజే నడిపింతుము. కూర్చుండగానే తలనొప్పి వచ్చి పడుకొనగానే తగ్గినను, కట్టు నీటివలె తడిసినను దాచరాదు. జ్వరము, గాయము వద్ద ఎరుపు, చీము, పిక్కలో వాపు కూడ అట్టివే.

ఇంటి వద్ద పరీక్ష వేరుగా ఉండును. చిక్కడపల్లి మార్కెట్ నుండి కూరల సంచి మోయు గృహిణి, నగర కేంద్ర గ్రంథాలయములో పొద్దస్తమానము కూర్చుండి చదువు అశోక్‌నగర్ విద్యార్థి, నారాయణగూడలో స్కూటరుపై తిరుగు ఉద్యోగి, ముగ్గురికిని నియమమొక్కటే: డాక్టరు చెప్పువరకు వంగరాదు, బరువెత్తరాదు, నడుము మెలిపెట్టరాదు. నీళ్ల బకెట్టు ఇతరులు మోయవలెను. నేలపై కూర్చుండరాదు. కుర్చీలోనైనను అరగంటకు మించక లేచి నడువవలెను. ముక్కవలసి రాకుండ ఆకుకూరలు, పండ్లు, తగినంత నీరు ఇయ్యవలెను.

ఇక పరామర్శకు వెళ్లు మనకొక మనవి. రోగిని గంటసేపు కుర్చీలో కూర్చుండబెట్టి మాటలాడుట మేలు కాదు. ఆయనతో వరండాలో పది అడుగులు నడచుచు మాటలాడుదము. “కాళ్లు బాగుగా ఆడుచున్నవా? మూత్రము సాఫీగా వచ్చుచున్నదా?” అని ఇంటివారిని మెల్లగా అడిగి వత్తము.