విదేశ ప్రయాణానికి ఫోను ప్లాను ఎలా ఎంచుకోవాలి?

(ప్రాంతీయ కార్యాలయంలో జరిగిన సిబ్బంది కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను పరిచయం చేస్తూ నా ఎంబీఏ గురించి కూడా చెప్పారు. ఈరోజు చెప్పబోయేది మాత్రం ఏ మేనేజ్‌మెంట్ పుస్తకంలోనూ చదివింది కాదు. కొంత సొంత డబ్బు పోగొట్టుకుని, కొంత బ్రాంచిలో కస్టమర్ల ఇబ్బందులు చూసి నేర్చుకున్నది.

మన కుటుంబాల్లో ఇప్పుడు పాస్‌పోర్టు లేని ఇల్లు తక్కువ. ఎల్‌ఎఫ్‌సీ మీద విదేశాలు చూసొచ్చే రోజులు పోయాయి కానీ ప్రయాణాలు ఆగలేదు. అబ్బాయి డాలస్‌లో ఉంటాడు, అమ్మాయి సిడ్నీలో ఉంటుంది. పురుడు పోయడానికి ఒకసారి, మనవడి పుట్టినరోజుకి ఒకసారి వెళ్తాం. లేదంటే నలుగురూ కలిసి వారం రోజులు సింగపూరో, దుబాయో. ఇలా ఏడాదికో రెండేళ్లకో ఒకసారి వెళ్లేవాళ్లు టికెట్టు కోసం నెల రోజులు వెతుకుతారు. ఫోను సంగతి మాత్రం ఎయిర్‌పోర్టుకి వెళ్లే క్యాబులో గుర్తొస్తుంది.

నాకూ అలాగే గుర్తొచ్చింది. మొదటిసారి సింగపూర్ వెళ్లినప్పుడు నాది పోస్ట్‌పెయిడ్ కనెక్షన్. రోమింగ్ ప్యాకు వేసుకోలేదు, డేటా రోమింగ్ ఆపలేదు. విమానం దిగి ఫోను ఆన్ చేసి జేబులో పెట్టుకున్నాను. నేను ఇమిగ్రేషన్ వరసలో నిలబడి ఉండగా, నా ఫోను అంతకుముందు రోజు తీసిన ఫొటోలన్నీ ఒక్కొక్కటిగా పైకి ఎక్కిస్తూ కూర్చుంది. నేను ఒక్క కాల్ కూడా చేయలేదు. నెలాఖరుకి నాలుగు వేల పైచిలుకు బిల్లు వచ్చింది. మా ఆవిడ ఇప్పటికీ ఆ ఫొటోలను "నాలుగు వేల ఫొటోలు" అంటుంది.

అది డబ్బుతో పోయింది. ఇంకొకటి చెబుతాను, అది డబ్బుతో పోలేదు.

నేను ఇంతకుముందు పనిచేసిన బ్రాంచిలో ఒక రిటైర్డ్ మాస్టారి ఖాతా ఉండేది. ఆయన, భార్య అమెరికాలో కూతురి దగ్గరకు ఆరు నెలలకు వెళ్లారు. దిగగానే అల్లుడు అక్కడి సిమ్ ఇచ్చాడు. మన సిమ్ తీసి, కాగితంలో చుట్టి, కళ్లద్దాల పెట్టెలో దాచారు. ఇక్కడి ప్లాను 28 రోజులది. అది అయిపోయింది. "వాడనిదానికి నెలనెలా రెండు మూడు వందలు ఎందుకు?" అనుకున్నారు. లెక్కల మాస్టారు కదా!

ఐదో నెలలో ఆయన తమ్ముడికి గుండె ఆపరేషన్ పడింది. మాస్టారికి మా దగ్గర ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉంది, నెట్ బ్యాంకింగ్ ఉంది, పాస్‌వర్డ్ కూడా గుర్తుంది. ఓటీపీ రాలేదు. అప్పటికే ఆ నంబరు రద్దయింది. అక్కడ అర్ధరాత్రి వేళ బ్రాంచికి ఫోన్ చేసి, "బాబూ, నా గొంతు నీకు తెలుసు కదా" అన్నారు. తెలుసు. కానీ గొంతు గుర్తుపట్టి ఖాతాలో మొబైల్ నంబరు మార్చే అధికారం నాకు లేదు. ఉండకూడదు కూడా. చివరికి తమ్ముడి కొడుకు ఊళ్లో నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చి ఆసుపత్రిలో కట్టాడు. ఆపరేషన్ బాగానే జరిగింది. మాస్టారు తిరిగొచ్చాక నా ఎదురుగా కూర్చుని, ఆ వడ్డీ లెక్క ఆయనే వేసి చూపించారు.

అందుకే విదేశానికి వెళ్లేటప్పుడు ఫోనుకి ఉన్న రెండు పనుల్ని విడదీసి చూడమంటాను. ఒకటి, అక్కడ మాట్లాడుకోవడానికి, దారి చూసుకోవడానికి కావలసిన డేటా, కాల్స్. రెండోది, బ్యాంకులో నమోదైన మన నంబరు బతికి ఉండడం. మొదటిది ఎక్కడైనా, ఎప్పుడైనా కొనుక్కోవచ్చు. రెండోది పోతే విదేశంలో కూర్చుని కొనలేం. మనమేమో చర్చంతా మొదటిదాని మీదే చేస్తాం. నేను రెండోదానితో మొదలుపెడతాను.

ట్రాయ్ నిబంధన ప్రకారం ప్రీపెయిడ్ నంబరును 90 రోజులు ఏ రకంగానూ వాడకపోతే కంపెనీ నిలిపివేయవచ్చు. ఖాతాలో 20 రూపాయల బ్యాలెన్సు ఉంటే, అది మినహాయించుకుని మరో 30 రోజులు ఉంచుతారు. ఇది నంబరు మన పేరు మీద నిలబడడానికి మాత్రమే. ప్లాను గడువు దాటిన తర్వాత కూడా మెసేజీలు వస్తూనే ఉంటాయన్న భరోసా దానివల్ల రాదు. కాబట్టి 20 రూపాయలు వేసి విమానం ఎక్కకండి. రద్దయిన నంబరును మరో 90 రోజుల తర్వాత కొత్తవాళ్లకు ఇవ్వవచ్చు. అంటే మన ఖాతా వివరాల మెసేజీలు ముక్కూమొహం తెలియని మనిషి ఫోనుకి వెళ్లే ప్రమాదం ఉంది. రద్దయిన నంబర్ల జాబితాతో ఖాతాలను సరిచూసుకోవాలని 2025 జనవరిలో రిజర్వు బ్యాంకు మనందరికీ చెప్పింది అందుకే.

దీనికి ఖర్చు పెద్దగా లేదు. ఆరు నెలలకు వెళ్లేవాళ్లు 28 రోజుల ప్లాను వదిలేసి, తిరిగొచ్చే తేదీ దాటేంతవరకు గడువున్న ప్లాను ముందే వేయించుకోవాలి. డేటా అక్కర్లేని వాళ్ల కోసం కాల్స్, ఎస్సెమ్మెస్ మాత్రమే ఉన్న ప్లాను కూడా పెట్టాలని 2024 డిసెంబరులో ట్రాయ్ కంపెనీలను ఆదేశించింది. ఇలాంటి ప్రత్యేక వోచర్ల గడువును 90 రోజుల నుంచి 365 రోజుల దాకా పెంచుకోవడానికి అప్పుడే వీలిచ్చింది. ఇవి కంపెనీ ప్రకటనల్లో ముందు వరసలో కనిపించవు. మీరే అడగాలి.

తర్వాత, ఆ నంబరు మీద అంతర్జాతీయ రోమింగ్ తెరిచి ఉండాలి. తెరిచి ఉంటే విదేశంలో వచ్చే ఎస్సెమ్మెస్‌కి మన కంపెనీలు సాధారణంగా డబ్బు తీసుకోవు. కొన్ని కనెక్షన్లకు రోమింగ్ ఊరికే తెరుస్తారు, కొన్నింటికి ప్రత్యేక రీచార్జి చేయమంటారు. "నాకు డేటా వద్దు, కాల్స్ వద్దు, ఓటీపీలు మాత్రం రావాలి. ఏం చేయాలి?" కస్టమర్ కేర్‌ని సరిగ్గా ఈ మాటల్లోనే అడగండి. ప్యాకుల గురించి అడిగితే ప్యాకులే అమ్ముతారు. రోమింగ్ తెరవడం, డేటా రోమింగ్ ఆన్ చేయడం రెండూ వేరు. మొదటిది ఉండాలి, రెండోది ఫోను సెట్టింగుల్లో ఆపేసి ఉండాలి. రెండు సిమ్ములు వాడే ఫోన్లలో ఇంకో మెలిక ఉంది. ఒక సిమ్‌లో సిగ్నల్ తగ్గితే రెండోదాని డేటా తనంతట తానే వాడుకునే ఏర్పాటు కొన్ని ఫోన్లలో ఉంటుంది. దాన్నీ ఆపేయండి.

అక్కడికి వెళ్లాక మన నంబరుకి కాల్ వస్తే? ఎత్తితే మనకు ఛార్జీ పడుతుంది. "సార్, పర్సనల్ లోన్ కావాలా?" అని ఎవరో అడిగినా సరే, ఛార్జీ మనదే. ఆ అడిగేది మన బ్యాంకు వాళ్లే కూడా కావచ్చు.

పిల్లలు పంపే ఫోన్ల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. అమెరికాలో అమ్మే ఐఫోన్లకు 14వ మోడల్ నుంచి, అంటే 2022 నుంచి, సిమ్ పెట్టే అరే లేదు. అన్నీ ఈ-సిమ్ మీదే నడుస్తాయి. అబ్బాయి ప్రేమగా కొత్త ఫోను చేతిలో పెడితే, నాన్నగారు మన సిమ్ పట్టుకుని ఎక్కడ పెట్టాలో తెలియక నిలబడతారు. అలాంటి ఫోను రాబోతోందని తెలిస్తే రెండు దారులున్నాయి. పాత ఫోనులోనే మన సిమ్ ఉంచి, దాన్ని ఓటీపీల కోసం ఛార్జి చేసి పెట్టుకోవడం ఒకటి. నాకు ఇదే నచ్చుతుంది. లేదంటే ఇక్కడ ఉండగానే మన నంబరును ఈ-సిమ్‌గా మార్పించుకోవడం. సిమ్ మార్చాక 24 గంటలపాటు ఎస్సెమ్మెస్‌లు ఆపేస్తారు. మోసగాళ్లు మన పేరుతో సిమ్ తీసుకుని ఓటీపీలు కాజేయకుండా పెట్టిన నిబంధన అది. మంచిదే. కానీ ప్రయాణం రోజు పొద్దున్న సిమ్ మార్పించుకుంటే ఆ రోజంతా కార్డు వాడలేరు. కనీసం వారం ముందు ఆ పని ముగించండి.

ఇక మొదటి పనికి, అంటే అక్కడి డేటాకి, వద్దాం. ధరలు నేను చెప్పను. ఈ ప్రసంగం పత్రికలో అచ్చయ్యేలోపు మారిపోతాయి. లెక్క వేసే పద్ధతి చెబుతాను.

ముందు మీకు ఎంత డేటా కావాలో చూడండి. ఫోను సెట్టింగుల్లో పోయిన నెల వాడకం ఉంటుంది. ఇంటి వైఫై మీద వాడింది అందులో విడిగా చూపిస్తుంది. మిగిలినది 30తో భాగించండి. మా ఇంట్లో ఈ లెక్క వేస్తే మా అమ్మగారికి రోజుకు 100 ఎంబీ కూడా లేదు. మా అబ్బాయిది చెప్పను. రోజుకు రెండు జీబీ ప్యాకు అమ్మకు కొనడం అంటే ఒక్క మనిషి టిఫిన్‌కి ఇడ్లీ బండి మొత్తం కొన్నట్టే.

తర్వాత, ప్యాకు ధరను దాని రోజులతో కాకుండా మీరు అక్కడ ఉండే రోజులతో భాగించండి. పది రోజుల ప్యాకు 3,000 రూపాయలు అనుకుందాం. మీరు ఉండేది ఆరు రోజులైతే రోజుకు 300 కాదు, 500. కొన్ని ప్యాకుల్లో రోజు అంటే అర్ధరాత్రి నుంచి అర్ధరాత్రికి లెక్క. అది భారత కాలమానమో, అక్కడి కాలమానమో, లేక మొదలుపెట్టిన గంట నుంచి 24 గంటలో అడిగి తెలుసుకోండి. రాత్రి పదకొండుకి దిగితే ఒక రోజు ప్యాకు గంటలోనే అయిపోవచ్చు.

నా అభిప్రాయం ఇది. నాలుగైదు రోజుల ప్రయాణం, ఒక్కరే వెళ్తున్నారు అంటే మన కంపెనీ రోమింగ్ ప్యాకే సుఖం. కాస్త ఎక్కువైనా కొత్త సిమ్ తంటా ఉండదు. నలుగురి కుటుంబం వారం, పది రోజులు వెళ్తుంటే నాలుగు ప్యాకులు దండగ. ఒకరు అక్కడి టూరిస్టు సిమ్ గానీ, ప్రయాణాల కోసం అమ్మే ఈ-సిమ్ గానీ పెద్ద డేటాతో తీసుకుని మిగతావాళ్లకు హాట్‌స్పాట్ ఇవ్వాలి. హోటల్లో వైఫై ఎలాగూ ఉంటుంది. అయితే ఇలాంటి ఈ-సిమ్‌లలో చాలావాటికి డేటా మాత్రమే ఉంటుంది, ఫోన్ నంబరు ఉండదు. హాట్‌స్పాట్ ఉన్న మనిషి షాపింగ్ మాల్లో తప్పిపోతే మిగతా ముగ్గురికీ ఫోను లేనట్టే. మాకు జరిగింది. ఎక్కడ కలుసుకోవాలో ముందే అనుకోండి.

దేశాన్ని బట్టి కూడా మారుతుంది. యూఏఈలో వాట్సాప్ మెసేజీలు వెళ్తాయి కానీ, వాట్సాప్ కాల్స్ మీద చాలాకాలంగా ఆంక్షలున్నాయి. దుబాయికి డేటా ఒక్కటే కొనుక్కుని వెళ్తే ఇంటికి మాట్లాడడం కష్టం. కాల్ నిమిషాలున్న ప్యాకు చూసుకోండి. యూరప్ టూరులో, యూరోపియన్ యూనియన్‌లోని ఒక దేశంలో కొన్న సిమ్‌ను మిగతా సభ్య దేశాల్లో అదనపు ఛార్జీ లేకుండా వాడుకునే వీలు 2017 జూన్ నుంచి ఉంది. మనవాళ్ల టూర్లలో తప్పనిసరిగా ఉండే స్విట్జర్లాండ్ ఆ యూనియన్‌లో లేదు. మంచు కొండ మీద నుంచి వీడియో కాల్ చేసేముందు ఆ సిమ్‌కి స్విట్జర్లాండ్ కూడా కలుస్తుందో లేదో చూడండి. క్రూయిజ్ ఎక్కితే ఫోనును ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టేయండి. ఓడలోని నెట్‌వర్కు మామూలు రోమింగ్ ప్యాకుల్లోకి సాధారణంగా రాదు, ఛార్జీ చాలా ఎక్కువ.

పెద్దవాళ్ల దగ్గర పాత బటన్ల ఫోను ఉంటే అదొక్కటే నమ్ముకుని పంపకండి. సింగపూర్‌లో 2జీ 2017లోనే ఆగిపోయింది. అమెరికాలోని పెద్ద కంపెనీలు 2022లో 3జీ కూడా మూసేశాయి. ఆస్ట్రేలియాలో 2024లో మూతపడింది. ఫోను బాగానే ఉంటుంది, సిగ్నలే ఉండదు.

పిల్లల దగ్గర నెలల తరబడి ఉండేవాళ్లకు రోమింగ్ ప్యాకు ఎందుకూ పనికిరాదు. అమెరికాలో ఫ్యామిలీ ప్లాన్లలో లైన్లు పెరిగేకొద్దీ ఒక్కో లైనుకు పడే ఖర్చు తగ్గుతుంది. అబ్బాయి ప్లానులో ఇంకో లైను కలిపించుకోండి. లేదా నెలవారీ ప్రీపెయిడ్‌లో చిన్నది తీసుకోండి. రోజంతా ఇంట్లో వైఫై ఉంటుంది. బయట కావలసింది గుడికి, పార్కుకి వెళ్లినప్పుడు దారి చూసుకునేంత డేటా, అత్యవసరమైతే కాల్ చేయడానికి ఒక నంబరు. అమ్మకి, నాన్నకి చెరొక నంబరు ఉండాలి. "మేమిద్దరం ఎప్పుడూ కలిసే ఉంటాం కదా" అంటారు. ఒంటరిగా వాకింగ్‌కి వెళ్లి దారి తప్పేది ఆ ఇద్దరిలో ఒకరే.

మా అత్తగారు వచ్చే నెల మా బావమరిది దగ్గరకు వెళ్తున్నారు. మన నంబరుకి ఏడాది ప్లాను వేశాం, రోమింగ్ తెరిపించాం, డేటా రోమింగ్ ఆపాం. ఆవిడ పాత ఫోను మీద ఎర్ర టేపు అంటించి "బ్యాంకు ఫోను" అని రాశాను. దిగిన రోజే అక్కడి నుంచి నెట్ బ్యాంకింగ్‌లో వంద రూపాయలు నాకు పంపాలి. ఓటీపీ వచ్చిందో లేదో నాకు అలా తెలుస్తుంది. ఆ వంద తిరిగి ఇవ్వాలని ఇప్పటినుంచే గుర్తుచేస్తున్నారు.

ఇప్పుడు టీ విరామం. ఈ ఏడాది ప్రయాణం ఉన్నవాళ్లు ఫోను, పాస్‌బుక్కు పట్టుకుని నా దగ్గరకు రండి. ఖాతాలో ఉన్న నంబరు, చేతిలో ఉన్న నంబరు ఒకటేనా అన్నది ముందు చూద్దాం.