ఏ ఫైలు ఇచ్చినా ఆడించే ప్లేయర్ ఏది?

కంప్యూటర్‌లో వీడియో మీద డబుల్ క్లిక్ చేస్తే శబ్దం వస్తుంది, బొమ్మ రాదు. ఇంకోసారి బొమ్మ వస్తుంది, శబ్దం రాదు. చాలామంది ఫైలు పాడైందనుకుని డిలీట్ చేసేస్తారు. నిజానికి చాలాసార్లు ఫైలు బాగానే ఉంటుంది, దాన్ని విప్పడం చేతగానిది ప్లేయర్‌కే.

ఓ మామూలు తెలుగు ఇంట్లో ఎన్ని రకాల వీడియోలు పోగుపడతాయో చూడండి. 2000 ప్రాంతంలో పెళ్లి అంటే వీసీడీ. అందులో వీడియో డీఏటీ అనే ఫైలుగా ఉంటుంది, బొమ్మ సైజు 352 బై 288 పిక్సెళ్లే. ఆ తర్వాత వచ్చిన డీవీడీల్లో వీఓబీ ఫైళ్లు, హ్యాండీక్యామ్‌తో తీసినవైతే ఎంటీఎస్ ఫైళ్లు. ఇప్పుడు ఐఫోన్‌తో తీస్తే ఎంఓవీ. పాతికేళ్ల వేడుకలు, నాలుగు రకాల ఫైళ్లు.

ఇక్కడ ఒక్క సంగతి అర్థమైతే మిగతాదంతా తేలిక. ఎంపీ4, ఎంకేవీ అనే పేర్లు భోజనం క్యారియర్ లాంటివి. ఒక గిన్నెలో బొమ్మ, ఒక గిన్నెలో తెలుగు ఆడియో, ఇంకోదాంట్లో హిందీ ఆడియో, పైగిన్నెలో సబ్‌టైటిళ్లు. లోపలి బొమ్మను ఏ పద్ధతిలో కుదించారో చెప్పేది కోడెక్. 2003లో వచ్చిన హెచ్.264 ఒకటి, 2013 నాటి హెచ్.265 ఇంకొకటి, దీన్నే హెచ్ఈవీసీ అని కూడా అంటారు. 2018లో ఏవీ1 వచ్చింది. అందుకే రెండూ ఎంపీ4 ఫైళ్లే అయినా ఒకటి ఆడుతుంది, ఒకటి మొరాయిస్తుంది.

మరి విండోస్‌తో పాటు వచ్చే ప్లేయర్ సరిపోదా? మామూలు ఫైళ్లకు సరిపోతుంది. కానీ 2012లో విండోస్ 8 వచ్చినప్పుడే డీవీడీ ఆడించే సౌకర్యాన్ని మైక్రోసాఫ్ట్ తీసేసింది. హెచ్ఈవీసీ వీడియోలకు చాలా కంప్యూటర్లలో స్టోర్ నుంచి విడిగా ఓ ఎక్స్‌టెన్షన్ కొనుక్కోవాలి.

ఇక్కడే వీఎల్‌సీ అనే ప్లేయర్ పనికొస్తుంది. 1996లో పారిస్ దగ్గరి ఎకోల్ సాంత్రాల్ అనే ఇంజినీరింగ్ కాలేజీ విద్యార్థులు, శాటిలైట్ టీవీని క్యాంపస్ నెట్‌వర్క్‌లో చూడటానికి మొదలుపెట్టిన ప్రాజెక్టు ఇది. 2001లో దాని సోర్స్ కోడ్‌ను అందరికీ తెరిచేశారు. ఇప్పుడు వీడియోల్యాన్ అనే లాభాపేక్ష లేని సంస్థ నడుపుతోంది. డబ్బు కట్టక్కర్లేదు, ప్రకటనలు రావు.

దీని బలమంతా ఒక్క చోట ఉంది. కావలసిన డీకోడర్లన్నీ వెంట తెచ్చుకుంటుంది, విండోస్‌ను అడగదు. పెళ్లి సీడీలోని డీఏటీ ఫైలును వీఎల్‌సీ విండోలోకి లాగి వదిలితే చాలు, ఆడేస్తుంది. డీవీడీల్లోనూ హ్యాండీక్యామ్ వీడియోల్లోనూ మనుషులు కదిలినప్పుడల్లా అంచుల వెంట అడ్డగీతలు కనిపిస్తుంటాయి కదా, వాటికి వీడియో మెనూలో డీఇంటర్‌లేస్ ఆన్ చేయాలి.

కొన్ని కీలు గుర్తుపెట్టుకుంటే మౌస్‌తో పని తగ్గుతుంది. బి నొక్కితే ఆడియో భాష మారుతుంది, వి నొక్కితే సబ్‌టైటిల్ మారుతుంది. పెదవుల కన్నా మాట ముందొస్తుంటే కె, వెనకబడుతుంటే జె. ఒక్కో నొక్కుకు 50 మిల్లీసెకన్ల తేడా. సబ్‌టైటిళ్లకు ఇదే పని వరసగా హెచ్, జి చేస్తాయి.

తెలుగు సబ్‌టైటిళ్లు పిచ్చిగీతల్లా కనిపిస్తే? సబ్‌టైటిళ్లుండే ఎస్ఆర్‌టీ ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరవండి. అక్కడ తెలుగు సరిగ్గా కనిపిస్తే యూటీఎఫ్-8 ఎన్‌కోడింగ్‌లో మళ్లీ సేవ్ చేయండి. డబ్బాలు కనిపిస్తే మాత్రం తప్పు ఫాంట్‌ది. సెట్టింగుల్లో తెలుగు ఉన్న ఫాంట్, ఉదాహరణకు విండోస్‌లోని నిర్మలా యూఐ, ఎంచుకోవాలి.

4కె వీడియో ఆగి ఆగి ఆడుతుంటే అది వేరే జబ్బు. ప్రాసెసర్ ఒక్కటే మోయలేక ఆయాసపడుతోందన్నమాట. ఇంటెల్ చిప్పుల్లో 2015లో వచ్చిన ఆరో తరం నుంచి హెచ్ఈవీసీని విప్పే ఏర్పాటు చిప్పులోనే ఉంది, 10-బిట్ వీడియోకైతే ఏడో తరం కావాలి. వీఎల్‌సీ ప్రిఫరెన్సెస్‌లో హార్డ్‌వేర్ డీకోడింగ్ ఆన్‌లో ఉందో లేదో చూసుకోవాలి. అంతకన్నా పాత కంప్యూటరైతే ఏ ప్లేయర్ మార్చినా పెద్ద తేడా ఉండదు.

వీఎల్‌సీ ఒక్కటే దిక్కని కాదు. విండోస్‌లో తేలిగ్గా, పాత మీడియా ప్లేయర్ రూపంలో కావాలనుకునేవారికి ఎంపీసీ-హెచ్‌సీ ఉంది. అసలు బృందం 2017లో చేతులెత్తేసినా వేరే డెవలపర్ దాన్ని కొనసాగిస్తున్నారు. కొరియా వాళ్ల పాట్‌ప్లేయర్‌లో సెట్టింగులు కుప్పలు, ఉచితమే కానీ సోర్స్ కోడ్ బయటికివ్వరు. ఎంపీవీకి మెనూలు దాదాపు ఉండవు, కావలసిన మార్పులన్నీ ఓ టెక్స్ట్ ఫైల్లో రాసుకోవాలి. సాంకేతికం మీద సరదా ఉన్నవాళ్లకు అది పండగే, ఇంట్లో అమ్మమ్మకు మాత్రం పెట్టివ్వకూడదు. మ్యాక్ వాడేవారికి ఆ ఎంపీవీ ఆధారంగానే చేసిన ‘ఐనా’ అనే ప్లేయర్ అందంగా ఉంటుంది.

కాబట్టి తీర్పు ఇది. ఇంటిల్లిపాదీ వాడే కంప్యూటర్‌లో మొదట వీఎల్‌సీ పెట్టండి. ఆడని ఫైలు ఏదైనా తగిలితే అప్పుడు రెండోది చూద్దురుగాని.

డౌన్‌లోడ్ విషయంలో మాత్రం జాగ్రత్త. 2022లో మన దేశంలో వీడియోల్యాన్ వెబ్‌సైట్‌ను నెలల తరబడి బ్లాక్ చేశారు, నవంబరులో తెరిచారు. ఇప్పుడు వేరే సైట్లను పట్టుకుని తిరగాల్సిన అవసరం లేదు. వీడియోల్యాన్ డాట్ ఆర్గ్ అని మీరే టైప్ చేసి అక్కడి నుంచే దించుకోండి. కోడెక్ ప్యాక్ వేసుకోమని ఏ సైటైనా అడిగితే మూసేయండి, వీఎల్‌సీకి అది అక్కర్లేదు.