అరిగిన టైరు ఏ ఖాతాలోకి?

ఈ రోజు పట్టా అందుకుంటున్న ఇంజినీర్లకు, వారిని ఇంతదాకా తీసుకొచ్చిన తల్లిదండ్రులకు అభినందనలు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడే కోయంబత్తూరు, మదురై కుటుంబాలకు యంత్రం పాత చుట్టమే. కలంగల్‌లో పుట్టిన జి.డి. నాయుడు, డి. బాలసుందరం నాయుడుతో కలిసి 1937లో విద్యుత్ మోటారు తయారుచేశారు. మదురైలో బస్సులు నడిపిన టి.వి. సుందరం అయ్యంగార్ రబ్బరు రీట్రెడింగ్ ఫ్యాక్టరీ కూడా నడిపారు. నేడు కోయంబత్తూరు కంపెనీ ఎల్జీ రబ్బర్ రీట్రెడింగ్ సామగ్రిని దేశదేశాలకు అమ్ముతోంది.

రీట్రెడింగ్ షెడ్డులో అరిగిన లారీ టైరును ముందు లోపలా బయటా తడిమి చూస్తారు. తీగలు తెగినా, పక్కన చీలినా అవతల పడేస్తారు. గట్టిగా ఉన్న కేసింగ్‌ను, అంటే టైరు ఒంటిని, బఫింగ్ మెషీన్‌పై గీకి, దెబ్బలు పూడ్చి, కుషన్ గమ్ వేసి, కొత్త ట్రెడ్ చుట్టి, ఛాంబర్‌లో ఉడికిస్తారు.

ఇంత చేసినా కస్టమ్స్ లెక్కలో అది కొత్త టైరు కాదు. కొత్తవి 4011 శీర్షిక కింద ఉంటే, రీట్రెడ్ చేసినవి, వాడేసినవి కలిసి 4012 కిందికి వస్తాయి.

ఈ టైర్ల మీద దేశాల మధ్య తగాదా కూడా నడిచింది. 2000లో బ్రెజిల్ రీట్రెడ్ టైర్ల దిగుమతిని నిషేధించింది. దాని వాదనలో పస ఉంది. కారు టైరును మామూలుగా ఒక్కసారే రీట్రెడ్ చేస్తారు కాబట్టి, బయటినుంచి వచ్చినది త్వరగా చెత్తలో చేరుతుంది. ఆ చెత్తలో నీరు నిలిచి డెంగీ దోమలు పెరుగుతాయి. 2005లో ఐరోపా దేశాలు ఈ తగాదాను ప్రపంచ వాణిజ్య సంస్థ (డబ్ల్యూటీవో)కు తీసుకెళ్లాయి. ఆరోగ్యం కోసం నిషేధం అవసరమేనని 2007 డిసెంబరులో అప్పీలు సంస్థ ఒప్పుకుంది. అయితే మెర్కోసూర్ వాణిజ్య కూటమిలోని పొరుగు దేశాల సరుకును రానిస్తూ, కోర్టు ఉత్తర్వులతో వాడిన టైర్లు కూడా దిగుతుండగా, మిగతావాళ్లను ఆపడం తగదంది. బ్రెజిల్ ఓడింది ఆ మినహాయింపుల దగ్గరే.

ఇక మన దగ్గరికొస్తే, మన విదేశీ వాణిజ్య విధానం రీకండిషన్ చేసిన యంత్ర విడిభాగాలను రానిస్తుంది, కాకపోతే కొత్తదాని ఆయుష్షులో కనీసం 80 శాతం మిగిలి ఉందని చార్టర్డ్ ఇంజినీరు ధ్రువపత్రం ఇవ్వాలి. 2018లో అమల్లోకొచ్చిన సీపీటీపీపీ అనే పసిఫిక్ దేశాల వాణిజ్య ఒప్పందం ఇంకాస్త ముందుకెళ్లి, వాడిన సరుకుపై పెట్టే ఆంక్షలు విప్పి తిరిగి తయారుచేసిన వస్తువులకు వర్తించవంది. అందులో భారత్ లేదు.

ఆ 80 శాతాన్ని కొలిచి సంతకం పెట్టాల్సినవాళ్లు ఇలాంటి హాళ్లలోంచే వస్తారు. ఎగుమతి చేసే ప్రతి షెడ్డులోనూ కేసింగ్ ఎక్కడిది, ఎన్నోసారి రీట్రెడ్ అయింది, ఏ పరీక్షలో నిలిచింది అన్నది రాసిపెట్టే పద్ధతిని ఈ పట్టభద్రులే మొదలుపెట్టాలి. రేపు ఏ ఒప్పందం మీద బేరానికి కూర్చున్నా, మన అధికారులు ఆ పుస్తకాలను బల్లమీద పెట్టగలగాలి.